రోడ్డు వేయకముందే ఆ రోడ్డు మీద నిలబడి, విని, నడిచి చూడటం ఎలా

ఒక చౌరస్తాను మార్చాలంటే మన ఊళ్ళలో జరిగేది దాదాపు ఒకటే. ఆఫీసులో డ్రాయింగ్ తయారవుతుంది, దాన్ని మీటింగ్ హాల్లో గోడకి అతికిస్తారు, పిలిచినవాళ్ళు వచ్చి దాని ముందు నిలబడి తలూపి వెళ్ళిపోతారు. ఆ డ్రాయింగ్ ఆకాశంలోంచి చూసినట్టు ఉంటుంది. ఆ వీధిలో బతికేవాళ్ళు ఎవరూ దాన్ని ఆకాశంలోంచి చూడరు. పూలు అమ్ముకునే ఆవిడకి కావాల్సింది లేన్ వెడల్పు కాదు. బస్సు ఆగితే తన బుట్ట పక్కన మనిషి నిలబడే జాగా మిగులుతుందా, మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది, హారన్ల మధ్య బేరం వినపడుతుందా, ఇవీ ఆవిడ ప్రశ్నలు.

వీటికి కాంక్రీటు పడకముందే జవాబు వెతుక్కోవచ్చు. చౌరస్తాను కంప్యూటర్లో త్రీడీలో కట్టి, అందులో ట్రాఫిక్ నడిపి, ఆ చప్పుడును ఉన్నంత గట్టిగా వినిపించి, ఎండానీడా చూపించి, అక్కడ బతికేవాళ్ళని అందులో నిలబెట్టి అడగాలి. ఇది కొత్త ఆలోచన కాదు. 1970ల మొదట్లోనే అమెరికాలో, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్, కెన్నెత్ క్రెయిక్ అనే ఇద్దరు ఒక ప్రాంతాన్ని చిన్న నమూనాగా కట్టించి, పైనుంచి వేలాడే సన్నటి కెమెరాను ఆ బొమ్మ రోడ్ల మీద మనిషి కంటి ఎత్తులో నడిపించి సినిమా తీశారు. ఆ తర్వాత చప్పుడు వంతు వచ్చింది. బ్రిటన్‌లో హెచ్‌ఎస్2 హైస్పీడ్ రైలు మార్గం మీద 2011లో ప్రజాభిప్రాయం అడిగినప్పుడు, రైలు పోతే మీ ఊళ్ళో ఎలా వినిపిస్తుందో వినండి అని జనానికి వినిపించారు. అప్పట్లో దానికి పెద్ద ల్యాబులు కావాల్సి వచ్చేవి. ఇప్పుడు ఒక మంచి గేమింగ్ ల్యాప్‌టాప్, ఒక రికార్డరు, ఎక్కువగా ఉచిత సాఫ్ట్‌వేర్, ఇద్దరు ముగ్గురు ఓపికున్న మనుషులు ఉంటే ఒక చౌరస్తా వరకు చేయొచ్చు. మున్సిపల్ ఇంజినీర్లు, ప్లానింగ్ చదివే పిల్లలు, తమ వీధి గురించి పట్టించుకునే కాలనీ సంఘాలవాళ్ళు, ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

ఉదాహరణగా హైదరాబాద్‌లో కోఠిని తీసుకుందాం. పక్కనే ఈఎన్‌టీ ఆసుపత్రి, చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, వరసగా బస్సులు, సుల్తాన్ బజార్ మీదుగా 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో. ఇన్ని రకాల మనుషులు ఒకే చోట రోడ్డు దాటే జాగా కాబట్టి ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో బాగా తెలుస్తుంది.

ముందు ప్రశ్న రాసుకోండి, ఆ తర్వాత మనుషుల్ని రాసుకోండి

"కోఠిని త్రీడీలో చేద్దాం" అని మొదలుపెడితే ఆరు నెలలు భవనాలకి రంగులు వేస్తూ కూర్చుంటారు. ఒక్క ప్రశ్న రాసుకోండి. "బస్టాపును 60 మీటర్లు ముందుకి జరిపి, దాటే దారిని రోడ్డు మట్టం కన్నా ఎత్తు చేస్తే, ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ళు తేలిగ్గా దాటగలరా? చప్పుడు తగ్గుతుందా?" ఇలా. ఈ ప్రశ్నకి అవసరం లేని భవనం మీద ఒక్క గంట కూడా పెట్టొద్దు.

తర్వాత ఆ చోట నిలబడే అయిదారుగురు మనుషుల్ని రాయండి. చెవి చూపించుకోవడానికి వచ్చిన, సరిగ్గా వినపడని పెద్దాయన. అమ్మ చెయ్యి పట్టుకున్న ఏడేళ్ళ పాప. కర్రతో నడిచే చూపులేని విద్యార్థి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. పుస్తకాల కొట్టు పెట్టుకున్నాయన. మూడో ట్రిప్పు కోసం తొందరలో ఉన్న ఆటో డ్రైవరు. మోడల్లో కెమెరాలూ చెవులూ వీళ్ళవే. డ్రోన్ మీంచి తీసినట్టు ఎగిరే వీడియో అసలు చేయకండి. అది చూసేవాళ్ళకి బాగుంటుంది గానీ ఏ ప్రశ్నకీ జవాబు చెప్పదు.

వెళ్ళి నిలబడండి: కొలతలు, లెక్కలు, రికార్డింగ్

ఒక మామూలు పనిరోజు ఎంచుకోండి. పండగ ముందురోజు, బంద్, పరీక్షల రోజు వద్దు. పొద్దున ఏడు, పదకొండు, సాయంత్రం ఆరు, రాత్రి పదిన్నర, నాలుగుసార్లు వెళ్ళండి. రాత్రి పదిన్నర ఎందుకంటే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పరిమితులు వేరు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అలా ప్రకటించిన చోట 50, 40. కోఠి లాంటి చోట ఈ అంకెలు కాగితం మీద పెట్టుకుని పనిచేయండి.

కొలవాల్సినవి: టేపుతో ఫుట్‌పాత్ వెడల్పు. రాళ్ళు పరిచిన వెడల్పు కాదు, మనిషి నిజంగా నడవగలిగిన వెడల్పు. ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు స్తంభం, బండ్లు పోను మిగిలింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నడకదారుల మార్గదర్శకాల్లో కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఉంది, కాబట్టి ఎక్కడెక్కడ అది తగ్గిందో మ్యాపు మీద ఎర్రగా గుర్తు పెట్టుకోండి. ఫుట్‌పాత్ అంచు ఎత్తు, డివైడర్‌లో జనం దాటే సందులు, డ్రైనేజీ మూతలు కూడా రాసుకోండి.

లెక్కించాల్సినవి: ఫోనుని ఎత్తులో పెట్టి వీడియో తీసి, ఇంటికొచ్చి పదిహేను నిమిషాల ముక్కలుగా లెక్కపెట్టండి. బైకులు, ఆటోలు, కార్లు, బస్సులు, సరుకు బండ్లు, తోపుడుబండ్లు, మనుషులు విడివిడిగా. ఒక మనిషి చేతిలో క్లిక్కర్ పెట్టుకుని నిమిషానికి ఎన్ని హారన్లో మాత్రమే లెక్కపెట్టాలి. ఇది వదిలెయ్యకండి, ముందుముందు చాలా పనికొస్తుంది.

రికార్డింగ్‌కి నాలుగు వైపుల నుంచీ శబ్దం పట్టే యాంబిసోనిక్ రికార్డర్ కావాలి. వింటున్న మనిషి తల తిప్పితే చప్పుడు వచ్చే దిక్కు కూడా సరిగ్గా మారాలంటే ఇది తప్పనిసరి. స్టాండు మీద మైక్రోఫోన్ మీటరున్నర ఎత్తులో పెట్టి, గాలి తగలకుండా బొచ్చు తొడుగు వేసి, ముందుభాగం ఏ దిక్కుకు ఉందో రాసుకోండి. పక్కనే సౌండ్ లెవెల్ మీటర్ పెట్టి, పది నిమిషాలు రికార్డు చేసి, ఆ పది నిమిషాల సగటు ఎంతో నమోదు చేయండి. రికార్డింగ్‌లో ఎవరి మాటలైనా స్పష్టంగా పడితే ఆ ముక్క తీసెయ్యండి. వీడియోలో ముఖాలూ నంబర్ ప్లేట్లూ కనపడకుండా చేసేదాకా దాన్ని ఎవరికీ పంపకండి.

త్రీడీలో కట్టడం

ఇది అనుకున్నంత కష్టం కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు నుంచి రోడ్లూ భవనాల హద్దులూ దింపుకుని, మ్యాపులు సరిదిద్దే క్యూజీఐఎస్‌లో మీ టేపు కొలతలతో సరిచేసి, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో ఎత్తులు ఇవ్వండి. మీటర్లలో కొలిచే కోఆర్డినేట్ వ్యవస్థ వాడండి. భూమిని మండలాలుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం అలాంటిదే. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నీ అందులో 44 ఉత్తర మండలంలోకే వస్తాయి. జహీరాబాద్ వైపు వెళ్తే మాత్రం 43. మొదట్లోనే ఇది తేల్చుకోకపోతే తర్వాత ట్రాఫిక్ ఒకచోట, రోడ్డు ఒకచోట ఉంటాయి.

భవనాల ముఖాలు మొదటి అంతస్తు వరకు వివరంగా ఉంటే చాలు, పైన ఉత్త డబ్బాలైనా పర్లేదు. మనిషి చూపు ఆగేది కిందే. బోర్డులు, షట్టర్లు, మెట్లు, పార్క్ చేసిన బైకులు, మెట్రో పిల్లర్లు, పైన మెట్రో పట్టాలు మోసే వంతెన (వయాడక్ట్) అడుగుభాగం, ఇవి ఖచ్చితంగా పెట్టండి. పైన కాంక్రీటు కప్పు ఉంటే చప్పుడు దానికి తగిలి కిందకే తిరిగి వస్తుంది, అది వదిలేస్తే శబ్దం లెక్క తప్పుతుంది.

ఇప్పుడు కెమెరా ఎత్తులు. పెద్దవాళ్ళకి మీటరున్నర, చక్రాల కుర్చీకి సుమారు 1.15 మీటర్లు, ఏడేళ్ళ పాపకి మీటరు పైన కొంచెం. ఈ మూడో ఎత్తులో నేను మొదటిసారి చూసింది ఇప్పటికీ గుర్తుంది. పెద్దవాళ్ళ కంటికి బస్టాపు ప్రకటన పలక పక్క నుంచి వచ్చే బస్సు బాగానే కనిపిస్తోంది. కెమెరాని 105 సెంటీమీటర్లకి దించగానే బస్సు మాయమైపోయింది. ఎదురుగా వరసగా పెట్టిన బైకుల సీట్లు, వాటి వెనక ఆ పలక, అంతే. బస్సు ముందు చక్రం కనిపించేసరికి అది దాదాపు మీదికి వచ్చేసినట్టే. డ్రాయింగ్‌లో ఆ పలక ఒక సన్నటి గీత. దాన్ని రెండు మీటర్లు పక్కకి జరిపితే సరిపోయింది.

ట్రాఫిక్‌ని మన ట్రాఫిక్‌లా నడపడం

దీనికి సుమో అనే ట్రాఫిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మంచి సాధనం. జర్మనీ ఏరోస్పేస్ కేంద్రం డీఎల్‌ఆర్ 2001 నుంచి అభివృద్ధి చేస్తున్నది, పూర్తిగా ఉచితం. అయితే ఊరికే నడిపితే అది బండ్లు లేన్లలో బుద్ధిగా పోయే దేశంలా నడుస్తుంది. మూడు చోట్ల దాన్ని మార్చుకోవాలి.

మొదటిది, మనం ఎడమవైపు నడుపుతామని నెట్‌వర్క్ తయారుచేసేటప్పుడే లెఫ్ట్‌హ్యాండ్ ఆప్షన్‌తో చెప్పాలి. రెండోది, సబ్‌లేన్ మోడల్ ఆన్ చేయాలి. అప్పుడే ఒకే లేన్‌లో బైకులు పక్కపక్కన సర్దుకుని, సందుల్లోంచి దూరి సిగ్నల్ ముందుకి వస్తాయి. ఆటోకి ప్రత్యేక వాహన రకం తయారు చేయండి, పొడవు 2.6, వెడల్పు 1.3 మీటర్లు పెడితే దగ్గరగా ఉంటుంది. మూడోది అందరూ మర్చిపోయేది: రోడ్డు పక్కన ఆగే బండ్లు. బస్టాపు ముందు ఆటోలు ఎంతసేపు ఆగుతున్నాయో వీడియోలో చూసి, అక్కడే అంతసేపు ఆగేలా పెట్టండి. కాగితం మీద మూడు లేన్లు ఉన్న చోట సాయంత్రం ఆరింటికి ఒకటిన్నర లేనే నడుస్తుంది, మోడల్లో కూడా అలాగే ఉండాలి.

మనుషుల విషయంలో ఇంకో జాగ్రత్త. సుమోలో పాదచారులు గీసిన క్రాసింగ్ దగ్గరే దాటుతారు. మనవాళ్ళు డివైడర్‌లో సందు ఉన్న చోట దాటుతారు, అదే వాళ్ళకి దగ్గర దారి కాబట్టి. మీరు చూసిన ఆ దారులన్నీ మోడల్లో క్రాసింగ్‌లుగా పెట్టండి. వాళ్ళది తప్పు అని తీసెయ్యకండి. కొత్త క్రాసింగ్ ఎక్కడ ఉండాలో చెప్పేవి ఆ దారులే.

నడిపాక మీ లెక్కతో సరిపోల్చండి. దీనికి జీఈహెచ్ అనే సూత్రం వాడుకలో ఉంది: తేడాని వర్గం చేసి రెండింతలు చేయండి, రెండు అంకెల మొత్తంతో భాగించండి, వర్గమూలం తీయండి. ఉదాహరణకి మీరు గంటకి 1200 బండ్లు లెక్కపెట్టారు, మోడల్లో 1050 పోతున్నాయి అనుకుందాం. తేడా 150. దాని వర్గం 22,500, రెండింతలు 45,000. దాన్ని 2250తో భాగిస్తే 20, దాని వర్గమూలం సుమారు 4.5. అయిదు లోపు ఉంటే ఫర్వాలేదు అంటారు. రోడ్డు ముక్కల్లో కనీసం 85 శాతం అలా ఉండాలి. లేకపోతే ముందుకు వెళ్ళొద్దు.

ఆ తర్వాత సుమో ప్రతి బండి ఎక్కడుందో, ఎటు తిరిగిందో, ఎంత వేగంలో ఉందో క్షణక్షణానికీ ఫైల్‌గా ఇస్తుంది. సెకనులో పదో వంతు చొప్పున రాయించి, వీడియో గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజిన్‌లోకి తెచ్చుకోండి. యూనిటీ, అన్‌రియల్, గోడో, మీ టీమ్‌కి ఏది చేతనైతే అది.

చప్పుడు: ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి

నేను మొదటిసారి చేసిన ప్రదర్శనలో ఇంటర్నెట్‌లో దొరికిన ట్రాఫిక్ శబ్దం పెట్టాను. బొమ్మ బాగా వచ్చింది కాబట్టి అది సరిపోతుందనుకున్నాను. ఆ చౌరస్తాలో ఇరవై ఏళ్ళుగా టీ కొట్టు నడుపుతున్నాయన రెండు నిమిషాలు విని హెడ్‌ఫోన్స్ తీసి, "ఇది మన సెంటర్ కాదండి" అన్నాడు. ఎందుకని అడిగితే, "హారన్ ఏదీ? కండక్టర్ కేక ఏదీ?" అన్నాడు. కళ్ళకి కనపడేదంతా ఆయన ఊరే, చెవికి వినపడేది వేరే ఊరు. ఆ తర్వాత ఎంత చూపించినా ఆయన నమ్మలేదు. ఆయన నమ్మకపోవడం న్యాయమే. అప్పటి నుంచి అక్కడ రికార్డు చేయని చప్పుడు నేను వాడటం లేదు.

లెక్కల కోసం నాయిస్‌మోడలింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. యూరప్ వాడే సీనోసోస్ (CNOSSOS) పద్ధతిలో ఏ కిటికీ దగ్గర ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చెబుతుంది. కానీ ఆ పద్ధతి టైరు చప్పుడు, ఇంజిన్ చప్పుడు మాత్రమే లెక్కేస్తుంది. హారన్ అందులో లేదు. మన చౌరస్తాలో హారన్ వదిలేస్తే మిగిలేది సగం నిజమే. అందుకే బస్సు హారన్, ఆటో హారన్, బైకు హారన్ విడివిడిగా దగ్గర నుంచి రికార్డు చేసి, మోడల్లో బండి గట్టిగా బ్రేకు వేసిన చోట, ముందు బండి కదలక ఆగిపోయిన చోట అవి మోగేలా కట్టండి. నిమిషానికి ఎన్ని మోగాలో మీ క్లిక్కర్ చెప్పింది కదా.

కొత్త డిజైన్‌లో హారన్లు ఎంత తగ్గుతాయి అన్నది ఎవరి ఊహ వాళ్ళది. కాబట్టి రెండు రకాలుగా వినిపించండి: హారన్లు ఇప్పుడున్నన్నే ఉంటే ఇలా, సగానికి తగ్గితే ఇలా. మనకి నచ్చిన డిజైన్‌కి మాత్రం హారన్లు తీసేసి వినిపించడం జనాన్ని మోసం చేయడమే.

డెసిబెల్స్ గురించి ఒక విషయం మీటింగ్‌కి ముందే మీ ఆఫీసులో అందరికీ చెప్పండి. బండ్లు రెండు వేల నుంచి వెయ్యికి తగ్గితే, వేగం అదే ఉంటే, తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి అది "కొంచెం తగ్గిందేమో" అనిపించేంత. చప్పుడు సగమైంది అనిపించాలంటే సుమారు 10 తగ్గాలి. "ట్రాఫిక్ సగం తగ్గుతుంది, ప్రశాంతంగా ఉంటుంది" అని మాటల్లో చెప్పడం తేలిక, వినిపిస్తే నిజం తెలిసిపోతుంది. అందుకే వినిపించాలి.

చెవిని రెండు ఎత్తుల్లో పెట్టండి: ఫుట్‌పాత్ మీద, రెండో అంతస్తు కిటికీ దగ్గర. ముఖ్యంగా ఫ్లైఓవర్ ప్రతిపాదన అయితే. కింద నిలబడ్డవాళ్ళకి కొంత మరుగు దొరికినా, పైన కిటికీ తెరిస్తే చక్రాలు ఎదురుగానే ఉంటాయి. ఆ ఇంటివాళ్ళు మీటింగ్‌కి రాకపోతే మీరే వెళ్ళి వినిపించండి.

ఇక వాల్యూమ్. హాల్లో వినేవాళ్ళ తల ఉండే చోట సౌండ్ మీటర్ పెట్టండి. చౌరస్తాలో రికార్డు చేసిన పది నిమిషాల ముక్కని ప్లే చేయండి. అక్కడ సగటు 74 వచ్చిందనుకుంటే ఇక్కడా 74 చూపించేదాకా వాల్యూమ్ సర్ది, ఆ గుండీకి టేపు అతికించి, ఆ రోజంతా ఎవరినీ ముట్టుకోనివ్వద్దు. ఈ ఒక్క పని చేయకపోతే మిగతా అంతా వృథా. హెడ్‌ఫోన్స్‌లో మీటర్ పట్టదు కాబట్టి నేను చుట్టూ స్పీకర్లనే ఇష్టపడతాను. హెడ్‌ఫోన్సే వాడాల్సి వస్తే, స్పీకర్లలో విని వెంటనే హెడ్‌ఫోన్స్‌లో విని రెండూ సమానం అనిపించే చోటు నలుగురైదుగురితో తేల్చుకోండి.

చూపులేనివాళ్ళకి ఈ నమూనాలో చెవే ముఖ్యం. ఎలక్ట్రిక్ బస్సులూ ఆటోలూ పెరుగుతున్నాయి, మెల్లగా పోయేటప్పుడు వాటి చప్పుడు దాదాపు ఉండదు. ఇంజిన్ చప్పుడు విని రోడ్డు దాటే మనిషికి అది ప్రమాదం. అందుకే సగం బండ్లు ఎలక్ట్రిక్ అయితే ఎలా ఉంటుందో కూడా ఒక రకంగా తయారుచేసి వాళ్ళకి వినిపించండి. బయటివాళ్ళం ఊహించని విషయాలు చెబుతారు.

ఎండ, నేల, అదురు

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఏప్రిల్ మధ్యలో సూర్యుడు దాదాపు నెత్తి మీదే. 12 మీటర్ల భవనం నీడ కూడా అప్పుడు మీటరున్నర చిల్లరే. అంటే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం భవనాల నీడని నమ్ముకుని బస్టాపు పెట్టకూడదు, చెట్టో కప్పో కావాలి. గేమ్ ఇంజిన్‌లో సూర్యుడికి తేదీ, సమయం, అక్షాంశం ఇచ్చి మార్చి నుంచి జూన్ వరకు చూడండి.

నేల కోసం కంప్యూటర్ అక్కర్లేదు. హాల్లో నేల మీద టేపుతో 1.8 మీటర్ల దారి గీసి, సంచులు పట్టుకున్న ఇద్దర్ని ఎదురెదురుగా నడవమనండి. పక్కన చూపులేనివాళ్ళ కోసం వేసే టైల్స్ నిజంగా పరచండి: గీతలున్నవి "నడువు" అని, చుక్కలున్నవి "ఆగు" అని చెబుతాయి. జపాన్‌లో సెయిచి మియాకే 1965లో వీటిని తయారుచేశారు, 1967లో ఒకయామాలో మొదట పరిచారు. మన దగ్గర చాలాచోట్ల ఇవి స్తంభం దాకా తీసుకెళ్ళి ఆపేస్తాయి. చెక్కతో ఒక ర్యాంపు చేయించి, పన్నెండడుగులకి ఒక అడుగు ఎత్తు వాలుతో, చక్రాల కుర్చీ ఎక్కించి చూడండి. నిట్టనిలువు 15 సెంటీమీటర్ల అంచు కూడా పక్కన పెట్టండి. ఒక కమిషనర్ స్థాయి అధికారి కుర్చీలో కూర్చుని ఆ అంచు ఎక్కలేక ఆగిపోతే, ఆ తర్వాత ర్యాంపు గురించి వాదించాల్సిన పని ఉండదు.

అదురు కోసం నిలబడే చెక్క పలక కింద బేస్ షేకర్ (పలకని అదిరించే చిన్న పరికరం) బిగించవచ్చు. బస్సు దగ్గరగా పోయినప్పుడు కాళ్ళకి తెలుస్తుంది. కానీ దాన్ని కొలిచి సరిచేసే పరికరం మీ దగ్గర లేకపోతే వద్దు. వాసన గొట్టాల జోలికి నేను వెళ్ళను. డ్రైనేజీ వాసన వస్తోందని చెప్పడానికి సిమ్యులేషన్ అక్కర్లేదు.

డిజైన్లని ఒకే ఎండలో చూపించండి

ఇప్పుడున్న చౌరస్తాని మబ్బులో, దుమ్ములో, కొత్త డిజైన్‌ని నీలి ఆకాశం కింద పచ్చటి చెట్లతో చూపించడం చాలా మామూలైపోయింది. మీరు చేయకండి. రెండింటికీ ఒకే రోజు, ఒకే గంట, ఒకే ట్రాఫిక్, ఒకే వెలుగు. చెట్లని నాటిన రోజు ఎంత ఉంటాయో అంతే చూపించండి, పదేళ్ళ తర్వాతి బొమ్మ చూపించాలంటే "పదేళ్ళ తర్వాత" అని పెద్దగా రాసి విడిగా చూపించండి. బతకని మొక్కలెన్నో మనందరికీ తెలుసు. కొత్త డిజైన్‌లో ఫుట్‌పాత్ ఖాళీగా ఉంచకండి. ఇప్పుడున్న పుస్తకాల కొట్లు, పూలబుట్టలు ఎక్కడికి వెళ్తాయో చూపించండి. చూపించలేకపోతే డిజైన్‌లో వాళ్ళకి చోటు లేనట్టే. ఆ సంగతి వాళ్ళ ముందే తేలిపోవాలి.

జనాన్ని పిలిచే రోజు

హాలు చౌరస్తాకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉండాలి. ఏసీ కాన్ఫరెన్స్ హాలుకి పూలమ్మే ఆవిడ రాదు. గుడి మంటపమో స్కూలు గదో చూడండి. ఆడవాళ్ళ కోసం మధ్యాహ్నం మూడు నుంచి అయిదు మధ్య ఒక బ్యాచ్, కొట్లవాళ్ళ కోసం బేరాలు తక్కువుండే పొద్దుటి పూట ఒకటి.

త్రీడీ చౌరస్తాని కళ్ళ ముందే చూపించే వీఆర్ హెడ్‌సెట్ తలకి పెట్టించేటప్పుడు చిన్న విషయాలే అడ్డుపడతాయి. ఒకావిడ జడలో మూర మల్లెపూలు పెట్టుకొచ్చింది, హెడ్‌సెట్ పట్టీ సరిగ్గా వాటి మీదికే వస్తుంది. అందరి ముందూ పూలు తీయమని అడగడం నాకు నచ్చలేదు, ఆవిడకీ ఇష్టం లేదు. అప్పుడే పక్కన పెద్ద తెర, చుట్టూ స్పీకర్లు, ఒక కుర్చీ ఏర్పాటు చేసుకోవడం మొదలుపెట్టాను. కళ్ళజోడువాళ్ళకి, పెద్దవాళ్ళకి, తల తిరిగేవాళ్ళకి అదే హాయిగా ఉంటుంది. హెడ్‌సెట్ వాడితే ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు మించొద్దు, తుడిచి మాత్రమే ఇంకొకరికి ఇవ్వండి. మనిషి నడవకుండా దృశ్యాన్ని మీరు కదిలించకండి, కడుపులో తిప్పేది దానివల్లే. మూడు నాలుగు చోట్ల నిలబెట్టి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తెర చీకటి చేసి మార్చండి.

ముందు ఇప్పుడున్న చౌరస్తాని చూపించి, వినిపించి, "ఇది మనదేనా? ఏం తేడాగా ఉంది?" అని అడగండి. వాళ్ళు అవునన్నాకే కొత్తవి చూపించండి. రెండు డిజైన్లుంటే సగం మందికి మొదటిది ముందు, మిగతా సగం మందికి రెండోది ముందు. "బాగుందా?" అని అడగొద్దు, మర్యాదకి బాగుందనే అంటారు. "ఇక్కడి నుంచి మందుల షాపుకి వెళ్ళాలి, ఏ వైపు నుంచి వెళ్తారు?", "మీ మనవరాలిని ఒక్కదాన్నే పంపుతారా?", "సాయంత్రం బండి ఎక్కడ పెట్టుకుంటారు?" ఇలా పని అప్పగించినట్టు అడగండి. మాటల్ని వాళ్ళు అన్నట్టే రాసుకోండి, ఆఫీసు భాషలోకి మార్చకండి.

ఒక హెచ్చరిక. హెడ్‌సెట్‌లో దూరాలు నిజం కన్నా దగ్గరగా అనిపిస్తాయి. అందుకే "అందులో అందరూ సేఫ్‌గా దాటారు" అని సిగ్నల్ టైమ్ నిర్ణయించకూడదు. అది కాగితం మీద లెక్క: 14 మీటర్ల రోడ్డుని సెకనుకి 1.2 మీటర్లు నడిచే మనిషి 12 సెకన్లలోపు దాటుతాడు. 0.8 మీటర్లు నడిచే పెద్దావిడకి పదిహేడున్నర సెకన్లు కావాలి. ఆసుపత్రి ముందు సిగ్నల్ పెద్దావిడ కోసం పెట్టాలి.

ఆ తర్వాత

ఆ రోజు సాయంత్రమే కూర్చుని, వచ్చిన ప్రతి మాట పక్కన "డ్రాయింగ్‌లో ఏది మారుతుంది" అని రాయండి. మార్చలేనిది ఉంటే ఎందుకో రాయండి. వారంలోపు ఆ కాగితం తెలుగులోనే అదే హాలు బయట అతికించండి. మోడల్ ఫైళ్ళు, లెక్కలు, రికార్డింగులు ఒక్కరి ల్యాప్‌టాప్‌లో ఉంచకండి, ఇంజినీర్లు బదిలీ అవుతారు.

చివరి పని రోడ్డు పూర్తయ్యాక. మొదట రికార్డర్ నిలబెట్టిన చోటికి అదే నెలలో, అదే వారం రోజున, అదే నాలుగు సమయాలకి, అదే ఎత్తులో మైక్ పెట్టి మళ్ళీ రికార్డు చేయండి. ఆ చోటు గుర్తుండటానికి ఇప్పుడే స్తంభం నంబరు, గోడ నుంచి దూరం రాసుకుని ఫోటో తీసుకోండి. మీరు వినిపించిన చప్పుడునీ, నిజంగా వచ్చిన చప్పుడునీ పక్కపక్కన పెట్టి, మొదట విన్న ఆ టీ కొట్టాయనకే మళ్ళీ వినిపించండి.